సున్నం కింది అంకెలు

పోయిన వారం స్నేహలతను ఫక్రుద్దీన్ దేవిడి దర్వాజ ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తుతుంది, దించుతుంది, చున్నీ సర్దుకుంటుంది, మళ్లీ ఎత్తుతుంది. హైదరాబాదు నుంచి బస్సులో నర్సాపూర్ అడవి దాటేదాకా ఏం చెప్పాలో మాట మీద మాట పేర్చుకుంటూ వచ్చింది. మెదక్ బస్టాండులో దిగేసరికి అందులో ఒక్క ముక్కా మిగల్లేదు.

ఈ వారమే మనతో కలిసినవాళ్లకు కాస్త చెప్పాలి. స్నేహలత చదువుతున్నది కళల చరిత్ర, కట్టడాల చరిత్ర. డిగ్రీలో ఆఖరి ఏడాది. "పాత గోడలు చూసుడు గూడ ఒక సదువేనా" అని ఊళ్లో సగం మంది నవ్వితే, వాళ్ల నాయిన ఐలయ్య ఆ సగం మందితోనూ కొట్లాట పెట్టుకున్నాడు. వేసవిలో ఆమె ప్రాజెక్టు కోసం సొంత ఊళ్లోని ఈ దేవిడినే, నవాబుల కాలపు ఈ పాత బంగళానే ఎంచుకుంది. మొనదేరిన కమాన్లు, కిటికీలకు రంగు అద్దాలు చూసి, మెదక్ పెద్ద చర్చి కట్టిన మేస్త్రీలే ఆ తర్వాత ఊళ్లోకి వచ్చి ఈ ఇల్లు కట్టారని రాసింది. ఆమె గురువు జయానందం సారు పొంగిపోయాడు. కరువు రోజుల్లో ఆ చర్చికి రాళ్లు మోసిన కూలీల్లో ఆయన తాత కూడా ఉన్నాడు. ఆ కూలీల చేతి పని ఊరంతా పాకిందని ఒక పిల్ల రుజువు చేస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరగవా మరి. తిరిగాయి. వ్యాసాన్ని తనే ఆదివారం పేపర్లో వేయించాడు.

ఇంతలో ఊళ్లో రోడ్డు వెడల్పు పని మొదలైంది. దేవిడి గోడ మీద కూల్చాలన్న ఎర్ర గుర్తు పడింది. ఇల్లు వందేళ్లు దాటిందని తేలితే రోడ్డును అవతలి పక్కకు జరుపుతానని ఇంజనీరు మాట ఇచ్చాడు. చర్చికే ఇంకా వందేళ్లు నిండలేదు, దాని తర్వాత కట్టిన ఇంటికి ఎక్కడివి? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచినన్నాళ్లూ ఆఫీసులు మూతపడి దేవిడి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు సమ్మె ఆగింది. రేపు పొద్దున అందరి అభ్యంతరాలూ వింటారు.

స్నేహలత తలుపు కొట్టనే లేదు. ఏదో పని మీద బయటికి రాబోతూ తారిఖే తీశాడు. ఈ ఇంటి పెద్దావిడ బద్రున్నీసా మనవడు, బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది.

"ఎంతసేపాయె వచ్చి? గట్ల నిలవడ్డవేంది, లోపటికి రా" అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "దాదీ, స్నేహ వచ్చింది" అని కేకేశాడు.

బద్రున్నీసా దాలాన్‌లో, ఆ ముందు వసారాలో, తఖ్తు బల్ల మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ముసలావిడ మొహం ఎంత వెలిగిందంటే, స్నేహలత చూడలేక చెప్పులు విడిచే వంకతో తల దించుకుంది.

"రా బేటీ, రా. గిప్పుడే నీ పేరు తలుస్తున్నం. నూరేండ్లు బతుకుతవ్." ఫ్లాస్కులో ఉన్న చాయ్ కప్పులో పోసి ఇచ్చింది. "జర సల్లారింది గని, తాగు. పట్నంల గిట్ల దొర్కుతదా?"

గోడకు స్నేహలత వ్యాసం వేలాడుతోంది. తారిఖ్ దానికి అద్దం కట్టించాడు. ఈ ఇంట్లో దాన్ని పూర్తిగా చదివినవాళ్లు ఎవరూ లేరు. బద్రున్నీసాకు తెలుగు అక్షరాలు రావు. తారిఖ్ ఉర్దూ మీడియంలో చదివాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అయినా మన పిల్ల రాసిన తెలుగు చదవడానికి కూడబలుక్కుంటే సరిపోదు. 'అనుకరణాత్మక వాస్తుశైలి' అని రాసింది. అంటే కాపీ కొట్టారని. ఆ మాటే రాసి ఉంటే తారిఖ్ అప్పుడే నిలదీసేవాడు. అద్దం కట్టించేవాడా?

"రేపు నువ్వు జర ఆఫీసుకు రావాలె బిడ్డా" అంది బద్రున్నీసా. "మేం చెప్తె ఎవ్వలు వింటరు? మా ఇల్లు మాకు పాతదే అంటరు. నువ్వు సదువుకున్న పిల్లవు. నీ పేరు పేపర్ల వడ్డది. నువ్వు చెప్తె సార్లు వింటరు."

"ఎవడో ఆఫీసుల రుజువు ఇచ్చిండంట స్నేహా" అన్నాడు తారిఖ్. "ఈ ఇల్లు చర్చి తర్వాత కట్టిందని. ఆ ఇంజనీరే చెప్పిండు. ఎవలిచ్చిండ్రని అడిగితె చెప్పడు."

"ఎవడో గని, వాని నోట్లె మన్నువడ" అంది ముసలావిడ. "నా నికా అయి నేను ఈ గడప తొక్కిననాడు మా అత్తకు అత్త ఈడనే మంచంల ఉండె. ఆమె ఈ ఇంట్లనే పుట్టింది, ఈ ఇంటికే కోడలయింది. చర్చికి పునాది తీసిననాడు ఆమె పెండ్లీడు పిల్లనంట. గా పాపిష్టోనికి ఏం తెలుసు?"

స్నేహలత కప్పు పక్కన పెట్టింది. ఈ మాట స్నేహలత మొదటిసారి వినడం కాదు. వేసవిలో కూడా బద్రున్నీసా ఇదే చెప్పింది. ముసలివాళ్ల జ్ఞాపకాన్ని ఆధారంగా తీసుకోకూడదని క్లాసులో చెప్పారు కదా అని, అప్పుడు రాసుకోకుండా వదిలేసింది. అదొక్కటే అయితే ఇవాళ ఇంత దూరం వచ్చేది కాదు.

"దాదీ, ఆ రుజువు నాదే."

"ఏంది?"

"ఆఫీసుల ఉన్నది ఇదే పేపరు. గోడకున్నది. ఈ ఇల్లు చర్చిని చూసి కట్టిండ్రని నేనే రాసిన."

వక్కల కత్తెర ఆగింది. తారిఖ్ గోడ దగ్గరికి వెళ్లి అద్దంలోకి తేరిపార చూశాడు. పెదవులు కదుపుతూ ఒక వాక్యం, ఇంకో వాక్యం చదివాడు. అర్థమైందో కాలేదో గానీ ఇటు తిరిగేసరికి మొహం మారిపోయింది. బద్రున్నీసా మాత్రం చెయ్యి ఊపింది.

"తెల్వక రాసినవ్. పిల్లవు. సదువుకునేటప్పుడు తప్పులు పోవా? రేపు పోయి, నేను రాసింది తప్పు, జర దిద్దుకుంటున్న అని చెప్పు. అయిపాయె."

ఇక్కడితో ఆగితే సరిపోయేది. ఏ గొడవా లేకుండా, ముసలావిడ చేతనే తల నిమిరించుకుని బయటపడవచ్చు. మీరైనా నేనైనా ఆగేవాళ్లమే. స్నేహలత కూడా ఒక్క నిమిషం ఆగింది. ఆ నిమిషంలో బద్రున్నీసా ఆమె కప్పు అందుకుని, చల్లారిన చాయ్ పారబోసి, మళ్లీ పోసింది. అది చూశాక ఇక ఆగలేకపోయింది.

"తెల్వక కాదు దాదీ. తెలిసే రాసిన."

చెప్పుకుంటూ పోయింది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారు. దాలాన్ నుంచి లోపలి గదికి వెళ్లే దర్వాజ పైన గచ్చుతో చేసిన పువ్వులు ఉన్నాయి. ఏళ్ల తరబడి వేసిన సున్నంతో పువ్వులన్నీ ముద్దగా అయిపోయాయి. వాటి నగిషీ ఎలాంటిదో చూద్దామని కుర్చీ ఎక్కి, తడిగుడ్డతో నానబెట్టి, చిన్న చాకుతో పొర తర్వాత పొర గీకింది. పువ్వు కింద చిన్న అంకెలు, తలెత్తి చూస్తే తప్ప కనపడనివి, బయటపడ్డాయి. ఉర్దూ అంకెలు. పాత కట్టడాల మీద రాతలు చదవడం ఆమెకు కాలేజీలోనే నేర్పారు. హిజ్రీ సంవత్సరం, పన్నెండు వందల తొంభై నాలుగు. మన లెక్కలో పద్దెనిమిది వందల డెబ్బై ఏడు. అప్పటికి చర్చి ఆలోచన కూడా ఎవరికీ లేదు. ఆ కమాన్లు దక్కన్‌లో ఎప్పటినుంచో కడుతున్న కమాన్లే. రంగు అద్దాలు ఎవరో తర్వాత బిగించుకున్నారు. ఆమె వ్యాసం మొత్తం ఆ ఒక్క దర్వాజ దగ్గరే కూలిపోయింది.

"మరి అప్పుడెందుకు చెప్పలే?" అన్నాడు తారిఖ్.

"సారుకు అప్పటికే సగం చూపించిన. ఆయన మస్తు ఖుషీ అయిండు. మా తాత పేరు నిలవెట్టినవ్ అన్నడు. గా మాట విన్నంక... నాకు నోరు రాలే."

"రాకుంటె రాకపాయె. అంకెలు ఉండనే ఉండె గదా. మాకు కనవడకపోవునా?"

ఈ ఇంటి ఆచారం మీకు చెప్పలేదు. ఏటా రంజాన్‌కు ముందు దేవిడి మొత్తానికి లోపలా బయటా సున్నం వేస్తారు. చుట్టపక్కాలు, ఇరుగుపొరుగు అందరూ తలో కుంచె పట్టుకుంటారు. సున్నం మాత్రం ఎప్పుడూ వెనక గల్లీలోని ఐలయ్య దుకాణం నుంచే వస్తుంది. ఈసారి స్నేహలత కూడా కాలేజీ నుంచి వచ్చి అందరితో నవ్వుతూ, మొహానికి సున్నం పూసుకుంటూ పని చేసింది. ఎంత మంచి పిల్ల అని అందరూ అన్నారు.

"గా దర్వాజకు సున్నమేసింది నేనే దాదీ" అంది. "వేరేటోళ్లు ఏస్తె అంకెలు చూస్తరని నేనే కుంచె తీసుకున్న. రెండుసార్లు ఏసిన."

బద్రున్నీసా అరిచి, తిట్టి ఉంటే బాగుండేది. స్నేహలత తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చింది. ముసలావిడ కత్తెర పక్కన పెట్టి, ఒళ్లో పడిన వక్క తునకలు ఒక్కొక్కటే ఏరసాగింది.

"ఆ దినం నీకు దువా ఇచ్చిన" అంది చివరికి. "సున్నం చేతులతోనే నన్ను పట్టుకుంటె, అల్లా నీ సదువు సల్లగ సూడాలె అన్న. యాదికున్నదా?"

"ఉన్నది దాదీ."

"నాకు కోపమొస్తలేదు. సిగ్గయితుంది. నీకు కాదు, నాకు. ఈ ఇంట్లకు వచ్చిన ఏ పిల్లనూ నేను గింతగనం నమ్మలే."

స్నేహలత ఏడ్చింది. ఏడవకూడదని బస్సులోనే ఒట్టు పెట్టుకుంది, అయినా ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. తారిఖ్ లోపలి నుంచి కుర్చీ, అట్లకాడ తెచ్చాడు. కుర్చీ ఎక్కి దర్వాజ పైన గీకడం మొదలుపెట్టాడు. సున్నం పెచ్చులు అతని జుట్టు మీద, కింద నేల మీద రాలాయి. కాసేపటికి దర్వాజ మీద నాలుగు అంకెలు కనిపించాయి. మొదటి అంకె పక్కన ఇంకా తెల్లగానే ఉంది, మిగతావి స్పష్టంగా ఉన్నాయి. బద్రున్నీసా గోడ పట్టుకుని లేచి వచ్చి, తలెత్తి చూసింది. తన నికా నాటి నుంచి ఈ దర్వాజ కింద నుంచే తిరిగింది. తలపైన ఏముందో ఇవాళే చూసింది.

"ఇంకేంది, దొరికింది గదా" అంది స్నేహలత కళ్లు తుడుచుకుంటూ. "రేపు సార్లను పిలిచి చూపిద్దం."

"చూపిస్తె ఏమంటరు?" తారిఖ్ కుర్చీ మీద నుంచే అన్నాడు. "గోడకు ఎర్ర గుర్తు పెట్టినంక మేమే చెక్కినమంటరు. నిన్ననే చెక్కిండ్రు, ఇగో సున్నం ఇంక కిందనే ఉన్నది అంటరు. నేను ఆఫీసర్నయినా గదే అంట."

"నేను చెప్త. మే నెలలనే చూసిన అని."

"చూసి ఏం చేసినవ్ అంటరు?"

చూశానని చెప్పాలంటే దాచానని కూడా చెప్పాలి. రెండోది వదిలేసి మొదటిది చెప్పే దారి లేదు. దాచానని చెబితే ప్రాజెక్టు రద్దవుతుంది, ఏడాది పోతుంది, జయానందం సారు పరువు కూడా దాంతోపాటే పోతుంది. ఇవన్నీ ఆమె బస్సులోనే లెక్క వేసుకుంది. పోతే పోనీ అనుకునే దిగింది.

"అన్నీ చెప్త. దాచిన అని గూడ చెప్త."

"సరే చెప్తవ్." తారిఖ్ కుర్చీ దిగాడు. "ఒక్కసారి అబద్ధం రాసినదాని మాట రెండోసారి నమ్ముతరా? ఇంకెవరన్న చూసిండ్రా నీతోటి? ఫోటో గిట్ల తీసినవా?"

"లేదు. ఎవ్వరూ చూడలే."

"ఉల్టా ఇంకో మాట గూడ అంటరు. ఊళ్ల ఇప్పటికే అంటున్నరు. నేను నమ్మలే ఇన్నొద్దులు."

"ఏమని?"

"ఈ ఇల్లు కూలిస్తె వెనక గల్లీల ఉన్న మీ నాయిన దుకాణం మెయిన్ రోడ్డు మీదికొస్తది. అందుకే బిడ్డతోని రాయించిండని."

ఆ మాటకు స్నేహలత నిజంగానే కోపం తెచ్చుకుంది. తప్పు చేసినవాళ్లకు కూడా తాము చెయ్యని తప్పు మీద పడితే ఎంత కోపం వస్తుందో చూడండి. "మా నాయినకు ఇందుల ఏం సంబంధం లేదు. ఆయనకు తెల్వనే తెల్వదు" అంది. తారిఖ్ భుజాలు ఎగరేశాడు. బద్రున్నీసా మాత్రం "ఐలయ్య గసొంటోడు కాదు" అంది, ఎవరి వైపూ చూడకుండా. అన్ని మాటల్లోకి ఆ ఒక్క మాటే స్నేహలతకు తట్టుకోలేనంత కష్టంగా అనిపించింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు వెనక గల్లీకి నడిచింది. ఐలయ్య దుకాణంలో ఒక్కడే ఉన్నాడు. పెయింట్ డబ్బాల మధ్య స్టూలు వేసుకుని మేకులు సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. కూతుర్ని చూసి లేచాడు.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? ఫోనన్న చెయ్యకపోతివి, బస్టాండుకు వత్తును గదా. తిన్నవా?"

"నాయినా, నా పేపరు ఆఫీసుల ఎవరిచ్చిండ్రు?"

"ఎవలిస్తరు? నేనే ఇచ్చిన." ఏ దాపరికమూ లేకుండా అన్నాడు. "సమ్మెకు ముందే. నా బిడ్డ రాసింది సార్ అని చెప్పి చేతుల పెట్టిన. కుర్సీ ఏసి కూసోవెట్టిండు నన్ను."

స్నేహలత సున్నం సంచి మీద కూలబడింది.

"గా ఇల్లు పోతది నాయినా."

"పోతె వాళ్లకు సర్కారు పైసలిస్తది. ఏం ఊకెనే తీసుకుంటరా? మనకు గూడ జర మంచి జరగొద్దా? ఎన్నేండ్లాయె ఈ గల్లీల. గిరాకి లేక ఈగలు కొట్టుకుంటున్న."

"నేను రాసింది తప్పు. ఆ ఇల్లు చర్చి కన్న మస్తు పాతది. దర్వాజ మీద సంవత్సరం రాసి ఉన్నది."

"నాకెరుక" అన్నాడు ఐలయ్య.

ఆమె సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"రంజాన్‌కు ముంగట వాళ్లు సున్నం తక్కువైందని కబురు చేస్తె ఇంకో సంచి నేనే మోసుకొచ్చిన" అన్నాడు. గొంతు తగ్గించాడు, గల్లీలో ఎవరూ లేకపోయినా. "నువ్వు కుర్సీ మీద నిలవడ్డవ్. దర్వాజ మీద అంకెలు కనవడుతున్నయి. నాకు ఉర్దూ అంకెలు రావనుకున్నవా? చిన్నప్పుడు సాబు దుకాణంల పనికున్ననాడు గవే నేర్పిండ్రు. నువ్వు జర ఆగినవ్. అటు చూసినవ్, ఇటు చూసినవ్. ఏసేసినవ్. మల్లొక్కసారి ఏసినవ్. నేను సంచి ఆడనే పెట్టి సప్పుడు చెయ్యక వచ్చిన."

"నాయినా..."

"రోడ్డు ముచ్చట అప్పటికే ఊళ్ల ఉండె. నా బిడ్డ నోరు తెర్వకుండ నా కోసం గింత పని చేసింది అనుకున్న. మీ అమ్మకు గూడ చెప్పలే. గా ధైర్యంతోనే పేపరు పట్టుకొని ఆఫీసుకు వోయిన. లేకుంటె నాకెక్కడిది గంత ధైర్యం?"

ఆ దుకాణంలో ఇప్పుడు ఇద్దరు దోషులున్నారు. ఒకరికి తాను దోషినని తెలుసు. రెండోవాడు కూతురి ప్రేమకు బదులు తీర్చానని అనుకుంటున్నాడు. స్నేహలత తాను చేసినదాని పొడవు దేవిడి దాకానే అనుకుంది. నాయిన చేతిని కూడా పట్టుకుని లాగిందని ఇప్పుడే తెలిసింది. అదే సమయంలో ఇంకోటి కూడా తట్టింది. ఎర్ర గుర్తు పడకముందే ఆ అంకెలు చూసిన రెండో మనిషి ఒకడున్నాడు. తారిఖ్ అడిగింది అతన్నే.

"రేపు నాతోని ఆఫీసుకు రా నాయినా. నేను దాచిన అని చెప్త. నువ్వు చూసిన అని చెప్పు. నీ మాట నమ్ముతరు. మెయిన్ రోడ్డు మీది దుకాణం పోగొట్టుకొని ఎవ్వరూ అబద్ధం చెప్పరు గదా."

ఐలయ్య వేరు చేసిన మేకులు, చిన్నవీ పెద్దవీ, ఏమీ చూసుకోకుండా ఒకే డబ్బాలో పోసేశాడు. దుకాణం ముందు గల్లీని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"నువ్వు అడిగితె నేను ఎన్నడు కాదన్న?" అన్నాడు. "నా కోసం నువ్వు సదువునే పణం పెడ్తివి. నీ కోసం నేను ఈ దుకాణం పెట్టలేనా? వస్త. గని ఒక్క మాట. నేను నలుగుర్ల తలవంచుకొని నిలవడాలె. దేనికోసం నిలవడ్తున్ననో నాకు ఎరుక ఉండాలె." కూతురి మొహంలోకి చూశాడు. "ఆ దినం నువ్వు సున్నమేసింది నా కోసమే గదా?"

ఆ రోజు కుర్చీ మీద నిలబడినప్పుడు స్నేహలత కళ్ల ముందు జయానందం సారు ఒక్కడే ఉన్నాడు. నాయిన అసలు గుర్తుకే రాలేదు. అవునంటే రేపు దేవిడి నిలబడుతుంది. కాదంటే ఈ మనిషి రాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు ఐలయ్య.